ఈసారి కమ్మీకి ఏమీ చుట్టలేదు

క్రిస్మస్‌కు ముందు వచ్చే ఆగమన కాలం మొదలై రెండు ఆదివారాలు గడిచిపోయినా మా ముందు వసారాలో పండుగ జాడ కనిపించకపోవడం నాకే సిగ్గనిపించి, ఈరోజు శనివారం కదా అని పొద్దున్నే అటక మీది అట్టపెట్టెను దింపించాను. ఆ కాలం నవంబరు 27 నుంచి డిసెంబరు 3 లోపు వచ్చే ఆదివారంతో మొదలవుతుంది కనుక, ఏ సంవత్సరమైనా క్రిస్మస్‌కు ముందు మూడు వారాలకు తక్కువ కాని వ్యవధి ఉంటుంది. పెట్టెను రేపు దింపుదాం, ఎల్లుండి దింపుదాం అనుకోవడానికే ఆ వ్యవధిలో ఎక్కువ భాగాన్ని నేను ఖర్చు పెడతాను.

వసారా అని పేరే గాని, అది ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు ఉన్న గచ్చు ముక్క. దానికి మూడు మెట్లు, ఎక్కేటప్పుడు కుడిచేతి వైపు ఒక ఇనుప కమ్మీ, ఎడమచేతి వైపు గోడ, స్టూలు వేసుకుంటే చేతికి అందే కప్పు ఉన్నాయి. ఇంత చిన్న చోటును అలంకరించాలంటే ముందు చేయవలసింది ఏమైనా పెట్టడం కాదు, ఉన్నవి తీసేయడం. చెప్పుల బల్లను లోపలికి జరిపి, ఎండిపోయిన రెండు పూలకుండీలను పెరటిలోకి చేర్చి, ఎవరూ కూర్చోని కుర్చీని మడిచి పక్కన పెట్టిన తరువాత, గోడ తుడుద్దామని తడిగుడ్డ పట్టుకుని వంగినప్పుడు ఆ చార నా కంటబడింది.

అది మెట్ల వాలునే అనుసరిస్తూ, మోచేతి ఎత్తున, కింది మెట్టు నుంచి గుమ్మం దాకా ఏటవాలుగా సాగిన మసక చార. మొదట మా అబ్బాయినే అనుమానించి కేకలేయబోయాను గాని, వాడి చెయ్యి ఆనే ఎత్తు అది కాదు. వేళ్ల గుర్తులు కొన్నిచోట్ల విడివిడిగా కూడా తెలుస్తున్నాయి. అవి అత్తయ్యగారివని తట్టడానికి నాకు కొంతసేపు పట్టింది. ఆవిడ కుడి మోకాలికి బలం తక్కువ. కమ్మీ పట్టుకోకుండా మెట్లెక్కరు. పోయిన సంవత్సరం నేను ఆ కమ్మీకి పచ్చని ఆకుల దండను, దానిమీద సీరియల్ సెట్టును, మధ్యమధ్య ఎర్ర రిబ్బను ముడులను వేలు దూరే సందు లేకుండా చుట్టేశాను. చూసినవాళ్లందరూ మెచ్చుకున్నారు, నేను ఫోటోలు కూడా తీసుకున్నాను, జనవరి నెలాఖరు దాకా విప్పడానికి బద్ధకించాను.

లోపలికి వెళ్లి, "అత్తయ్యా, పోయినేడు మీరు గోడ పట్టుకుని మెట్లెక్కేవారా?" అని అడిగాను.

"దండ నలిగిపోతుందనమ్మా. నువ్వంత కష్టపడి చుట్టావు గదా," అని ఆవిడ తన పనిలో తాను మునిగిపోయారు.

నాకు మాత్రం ఆ తరువాత చాలాసేపు ఏ పనీ సాగలేదు. దాదాపు రెండు నెలలు రోజుకు రెండుసార్లు చొప్పున ఆవిడ పట్టుకోవడానికి వీలులేని గోడకు అరచెయ్యి ఆనించి ఎక్కుతూ ఉంటే, అదే వసారాలో నిలబడి లైట్లు సరిగా వెలుగుతున్నాయో లేదో చూసుకున్నదాన్ని నేనే. గోడ తుడిస్తే చార పలచబడిందే గాని పూర్తిగా పోలేదు. ఈసారి కమ్మీ జోలికి పోకూడదని అక్కడే నిర్ణయించుకున్నాను. అయితే నా అలంకరణలో ముప్పాతిక వంతు కమ్మీ మీదే ఉండేదని ఆ తరువాత గాని గుర్తుకు రాలేదు.

ఇక మిగిలింది నక్షత్రం, తలుపుకు తగిలించే ఆకుల వలయం, యేసు పుట్టిన పశువుల పాక బొమ్మలు, పాత సీరియల్ సెట్టు. సెట్టును నేలమీద పరిచి స్విచ్చి వేస్తే సగం వెలిగింది, సగం చీకటిగానే ఉండిపోయింది. చిన్న తంతువు బల్బుల పాతరకం సెట్టు అది. వాటిని ఒకదాని వెనుక ఒకటిగా వరుసలో కలుపుతారు. ఒక బల్బులో తంతువు తెగినా కరెంటుకు దారి మూసుకుపోకుండా అడుగున సన్నని తీగ చుట్ట ఒకటి ఉంటుంది. కాని ఆ బల్బు పంచుకోవలసిన వోల్టేజీ మిగతావాటి మీద పడి, అవి ఉన్నదానికన్నా ప్రకాశంగా వెలిగి త్వరగా మాడిపోతాయి. బల్బు హోల్డరులో వదులైతే ఆ చుట్ట కూడా ఏమీ చేయలేదు, ఆ వరుస మొత్తం ఆరిపోతుంది. ఒక్కొక్క బల్బునే నొక్కి చూస్తూ గంటసేపు కూర్చున్నాను. ఎడిసన్ సహచరుడు ఎడ్వర్డ్ జాన్సన్ 1882లో న్యూయార్కులోని తన ఇంట్లో ఎరుపు, తెలుపు, నీలం రంగుల బల్బులు 80 అమర్చి మొట్టమొదటి విద్యుత్ క్రిస్మస్ చెట్టును వెలిగించాడని ఎప్పుడో చదివాను. చెట్లకు కొవ్వొత్తులు కట్టి ఇళ్లు తగలబెట్టుకునే భయం ఉన్న రోజుల్లో అదెంత ఊరటో ఊహించగలను గాని, ఆ ఎనభైలో ఎన్ని మాడిపోయాయో, ఆయన వాటిని ఎన్నిసార్లు నొక్కి చూసుకున్నాడో ఎవరూ రాయలేదు. చివరకు నా సెట్టును పాత సామానులో పడేసి, నిరుడు కొని విప్పకుండా ఉంచిన ఎల్‌ఈడీ తీగను తీశాను.

దాని పెట్టె మీద ఐపీ44 అని ఉంది. ఏ వైపు నుంచి నీటి తుంపరలు పడినా తట్టుకుంటుందని దాని అర్థం, నీళ్లలో మునిగినా పరవాలేదని కాదు. అందుకని ప్లగ్గును గుమ్మం లోపలే పెట్టి, తీగను కిటికీ సందులోంచి బయటికి తెచ్చేటప్పుడు కాస్త కిందికి వేలాడేలా వదిలాను. అలా వదిలితే తీగ వెంట జారిన నీరు ఆ వంపు దగ్గరే బొట్లుగా రాలిపోతుంది, లోపలికి పాకదు. తీగను ఎక్కడ బిగించాలన్న దానిమీద అబ్బాయికీ నాకూ వాదం జరిగింది. వాడు గుమ్మం చుట్టూ కళ్ల ఎత్తున కావాలన్నాడు. చీకట్లో మెట్లెక్కేవారికి ముఖం మీద వెలుగు కొడితే కాలి కింద మెట్టు అంచు కనబడదని నా మాట. గోడ అడుగున, మెట్ల పక్కగా, కాలికి తగలకుండా బిగించి చూశాము. వెలుగు మెట్ల మీద పడి మూడు అంచులూ మూడు గీతల్లా స్పష్టంగా కనిపించడంతో వాడు ఒప్పుకున్నాడు, ఒప్పుకున్నట్టు మాత్రం చెప్పలేదు.

వలయంతో కొంత చిక్కు వచ్చింది. చెక్క తలుపుకు తగిలిస్తే బయటి జాలీ తలుపు దాన్ని అణిచేస్తోంది; జాలీకి తగిలిస్తే తెరిచినప్పుడల్లా మెట్ల మీద నిలబడినవారికి తగులుతోంది. మిగిలిపోయిన మరక మీద గోడకు తగిలిద్దామా అని ఒక్క క్షణం అనిపించిన మాట నిజం. తప్పును ఆకులతో కప్పడం నాకే నచ్చక, గుమ్మం పైన మేకుకు తగిలించేశాను.

పశువుల పాకకు ఎప్పుడూ వసారా మూల కేటాయించేదాన్ని. ఈసారి నేలమీద ఏదీ ఉండకూడదు గనుక కిటికీ గట్టు మీదికి మార్చాను. ఆ గట్టు వెడల్పు జానెడు మించదు కాబట్టి బొమ్మలన్నీ పట్టవు. పునీతుడు అస్సీసీ ఫ్రాన్సిస్ 1223లో ఇటలీలోని గ్రెచ్చో అనే ఊళ్లో క్రిస్మస్ దృశ్యం ఏర్పాటు చేసినప్పుడు తెప్పించినది ఎండుగడ్డి వేసిన తొట్టి, ఒక ఎద్దు, ఒక గాడిద మాత్రమే. అంత పేరున్న దృశ్యానికి అవే చాలినప్పుడు నా జానెడు గట్టుకు గొర్రెల మంద ఎందుకని, తొట్టిని, శిశువును, మరియ యోసేపులను, ఆ రెండు జంతువులను ఉంచి మిగతావి పెట్టెలోనే వదిలాను. శిశువుకు కానుకలు తెచ్చిన జ్ఞానుల్లో ఒకరు విరిగిపోయి ఇద్దరే మిగిలారని అబ్బాయి దిగులు పడ్డాడు. మత్తయి సువార్తలో కానుకలు మూడని ఉందే తప్ప వచ్చినవారు ఎందరో లేదని చెప్తే, ఇద్దరినైనా పెట్టాలని పట్టుబట్టి గట్టు చివర నిలబెట్టాడు.

నక్షత్రాన్ని కావాలనే చివరికి ఉంచుకున్నాను. జర్మనీలోని నీస్కీలో మొరేవియన్ అనే క్రైస్తవ సంఘం బడిపిల్లలు 19వ శతాబ్దంలో రేఖాగణితం పాఠం కోసం చేయడం మొదలుపెట్టిన కాగితపు నక్షత్రానికి ఇప్పుడు సాధారణంగా ఇరవై అయిదు కొమ్ములు ఉంటాయి. లోపలి ఆకారానికి ఇరవై ఆరు ముఖాలు ఉన్నా, దీపం పెట్టి వేలాడదీయడానికి ఒక ముఖాన్ని వదిలేస్తారు. అటువంటిదాని మీద నాకు ఎప్పటి నుంచో మోజు ఉంది గాని, అన్ని దిక్కులకూ పొడుచుకువచ్చే దాన్ని ఈ కప్పు కింద కడితే వచ్చినవారి తలలకు తగులుతుంది. మాది ఇరుపక్కలా కాస్త ఉబ్బిన అయిదు కొమ్ముల కాగితపు నక్షత్రం. ఒక కొమ్ము నలిగితే లోపలి నుంచి కాగితం ముక్క అతికించి, కాగితానికి వేడి తగలకుండా అయిదు వాట్ల ఎల్‌ఈడీ బల్బు పెట్టి, కప్పు మూలన కట్టాము.

చీకటి పడ్డాక నేను రోడ్డు మీదికి వెళ్లి నిలబడ్డాను, అబ్బాయి స్విచ్చి వేశాడు. ముందు వసారా అలంకరణ ఇంట్లోవారు చూసుకునేది కాదు. లోపలి నుంచి మాకు కనబడేది నక్షత్రం వీపు, తీగల ముడులు మాత్రమే. పోయిన సంవత్సరంతో పోలిస్తే ఇది వెలవెలబోతుందనే భయపడ్డాను. కమ్మీ నల్లగా, ఖాళీగా ఉంది. దాని పక్కన మెట్లు మూడూ వెలుగులో ఉన్నాయి, పైన ఒక నక్షత్రం ఉంది. ఫోటో తీస్తే పెద్దగా ఏమీ కనబడదు, అందుకే తీయలేదు.

ఎనిమిది గంటలకు అత్తయ్యగారు ప్రార్థన కూటం నుంచి తిరిగి వచ్చారు. గేటు దగ్గర ఒక నిమిషం ఆగి, కమ్మీ పట్టుకుని మూడు మెట్లూ ఎక్కి, గుమ్మం ముందు నిలబడి తలెత్తి చూశారు.

"నక్షత్రం ఎడమకు ఒరిగిందమ్మా," అన్నారు.

నేను మొదటే చెప్పానని అబ్బాయి లోపలి నుంచి అరిచాడు. రోడ్డు మీద నిలబడి అంతసేపు చూసినా నాకు తెలియలేదు గాని, ఒరిగిన మాట నిజమే. రేపు స్టూలు మళ్లీ బయటికి తీయాలి.