సెలవుల ముందు వారం

దసరా సెలవులకు ముందు వారం మా నవోదయ విద్యాలయంలో పుస్తకాలు మూతపడేవి. మొదటి టర్మ్ పరీక్షలు అయిపోయి, జవాబు పత్రాలు టీచర్ల దగ్గరికి చేరిపోయేవి. మేం హౌస్ (విద్యార్థి జట్ల) పోటీల్లో పడిపోయేవాళ్లం. 1990ల చివర్లో అక్కడ చదువుకున్న నన్ను ఈ సంచికకు ఒక జ్ఞాపకం రాయమన్నారు. ఒక్కటే రాయాలంటే నేను ఆ వారం గురించే రాస్తాను. పిల్లలు ఏది బాగా చేసినా దాన్ని పేరు పెట్టి, పదిమంది ముందు, ముఖ్యంగా వాళ్ల అమ్మానాన్నల ముందు చెప్పే అలవాటు మా బడికి ఉండేది. ఆ అలవాటు మమ్మల్ని ఎంత నిలబెట్టిందో వయసు పెరిగేకొద్దీ ఎక్కువగా అర్థమవుతోంది.

నవోదయ అంటే తెలియని వాళ్ల కోసం కొంచెం చెప్పాలి. 1985-86లో హర్యానాలోని ఝజ్జర్‌లో ఒకటి, మహారాష్ట్రలోని అమరావతిలో ఒకటి, ఇలా రెండు విద్యాలయాలతో ఈ పథకం మొదలైంది. అప్పుడు కేంద్రంలో మానవ వనరుల శాఖ మంత్రి పి.వి. నరసింహారావు గారు. ముఖ్యమంత్రిగా ఆయన 1971లోనే అప్పటి నల్గొండ జిల్లా సర్వేల్‌లో గురుకుల పాఠశాల పెట్టించారు. పల్లె పిల్లలను ఒకచోట ఉంచి బాగా చదివించవచ్చన్న ఆలోచన ఆయనకు కొత్త కాదు. ఆరో తరగతికి ప్రవేశ పరీక్ష. జిల్లాకు 80 సీట్లు. వాటిలో కనీసం 75 శాతం గ్రామీణ విద్యార్థులకు, మూడో వంతు ఆడపిల్లలకు. మా బ్యాచ్‌లో ఎక్కువమంది ఇళ్లలో అంతకుముందు హాస్టల్ మొహం చూసినవాళ్లే లేరు. మా పెద్దవాళ్లకు బడి అంటే గేటు దాకా వచ్చి, సంచి చేతికిచ్చి వెళ్లిపోయే చోటు. సెలవుల ముందు రాత్రి మాత్రం ఆ గేటు వాళ్ల కోసం తెరిచి ఉండేది. మర్నాడు పొద్దున పిల్లల్ని తీసుకెళ్లాల్సిన వాళ్లు ముందురోజు సాయంత్రానికే దిగి, హాల్లో చాపల మీద కూర్చునేవాళ్లు.

అన్ని నవోదయల్లోనూ నాలుగే హౌస్‌లు: అరావళి, నీలగిరి, శివాలిక్, ఉదయగిరి. ఉపన్యాసం, వ్యాసరచన, క్విజ్, బృందగానం, ఏకాంకిక, గోడపత్రిక, అన్నిటికీ పాయింట్లు ఉండేవి. డార్మిటరీ శుభ్రతకు కూడా ఉండేవి. ప్రతి విద్యార్థీ కనీసం ఒకదాంట్లో ఉండాలని మా హౌస్ మాస్టర్ పట్టు. పాడలేనివాడు గోడపత్రికకు గీతలు గీసేవాడు, అదీ రానివాడు తెర లాగేవాడు. తెర లాగినవాడి పేరు కూడా కార్యక్రమం జాబితాలో ఉండేది. సాయంత్రం స్టడీకీ మెస్ గంటకూ మధ్య దొరికే అరగంటలోనే రిహార్సల్. ఎం.ఓ.డి. (మాస్టర్ ఆన్ డ్యూటీ) సార్ విజిల్ వేస్తే డైలాగ్ సగంలో ఆపేసి పరుగెత్తాల్సిందే. ఆ టెన్షన్‌లోనే ఏ పని ఎంతసేపట్లో అవుతుందో మాకు అంచనా వచ్చింది.

తొమ్మిదో తరగతిలో 30 శాతం మందిని హిందీ రాష్ట్రాలకూ ఇతర రాష్ట్రాలకూ మధ్య మార్చుకునే మైగ్రేషన్ పద్ధతి నవోదయకే ప్రత్యేకం. మా దగ్గరికి ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చేవాళ్లు. మొదటి రోజుల్లో వాళ్లకూ మాకూ మధ్య మాట కలిసేది కాదు. హౌస్ పేర్లు మాత్రం రెండు చోట్లా ఒకటే కాబట్టి "కౌన్ సా హౌస్?" అన్న ప్రశ్నతోనే స్నేహాలు మొదలయ్యేవి. వాళ్ల ఊళ్లలో దసరా రోజుల్లో రామకథను ఆడే రాంలీలా జరుగుతుంది. వారణాసి ఎదుట గంగకు అవతల ఉన్న రామ్‌నగర్‌లో అయితే దాదాపు నెల రోజులు సాగుతుంది. యునెస్కో 2008లో మానవాళి అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలోకి తీసుకున్న సంప్రదాయం అది. ఇంటికి వెళ్లేసరికి సగం రాంలీలా అయిపోతుందని ఒక ఏడాది వాళ్లు దిగులుపడుతుంటే, ఇక్కడే ఒక ఘట్టం వేద్దామని మా హౌస్ కెప్టెన్ అన్న అన్నాడు.

అంగదుడు రావణుడి కొలువులో కాలు మోపి, చేతనైతే కదిలించమని సవాలు చేసే ఘట్టం ఎంచుకున్నారు. సెట్టింగ్ అక్కర్లేదు, ఒక సింహాసనం చాలు. అంగదుడు వాళ్ల అబ్బాయి, హిందీలో చౌపాయీలు (రామకథ పద్యాలు) అందుకునేవాడు. రావణుడు మావాడు. వాడు చిన్నప్పటినుంచి ఊళ్లో చిందు యక్షగానాలు చూస్తూ పెరిగినవాడు. తెర వెనక నుంచి చిందు కళాకారులు వచ్చినట్టే అడుగులేస్తూ, తనను తాను పరిచయం చేసుకుంటూ, అచ్చ తెలుగులో ప్రవేశించాడు. ఒకరు హిందీ, ఒకరు తెలుగు. ఎవరూ ఎవరికీ అనువాదం చేసి చెప్పలేదు. అయినా చాపల మీద కూర్చున్న పెద్దవాళ్లకు ఒక్క మాట కూడా జారిపోలేదు. అంగదుడి కాలు కదపలేక సభాసదులు ఒక్కొక్కరే వెనక్కి పోతుంటే హాలంతా లేచి నిలబడింది. రెండు ఆటసంప్రదాయాలను ఒకే వేదిక మీద కలపాలని ఏ టీచరూ చెప్పలేదు. పిల్లలకు తోచింది, పెద్దవాళ్లు అడ్డు చెప్పలేదు. మంచి బడికి గుర్తు నా దృష్టిలో ఇదే.

అదే సాయంత్రం ఆటస్థలంలో బతుకమ్మ. అప్పటికి అది రాష్ట్ర పండుగ కాలేదు, ఆ గుర్తింపు 2014లో వచ్చింది. కానీ మా క్యాంపస్‌లో అక్కలు అంతకుముందు నుంచే ఆడేవాళ్లు. గునుగు పూలకు రంగులద్దడం, తంగేడు పూలు వరసగా పేర్చడం ఉత్తరాది అమ్మాయిలకు మా వాళ్లు నేర్పారు. ఇక్కడి నుంచి ఆ సంవత్సరం అక్కడికి వెళ్లిన మా స్నేహితురాళ్లు ఉత్తరం రాశారు. అక్కడ తంగేడు దొరక్క బంతిపూలతోనే పేర్చి ఆడామనీ, అక్కడి మేడమ్‌లు కూడా చుట్టూ తిరుగుతూ చప్పట్లు కలిపారనీ. ఆ ఉత్తరాన్ని ప్రార్థనలో అందరికీ చదివి వినిపించారు.

ఇప్పుడు నేను ముఖ్యంగా చెప్పాలనుకున్నది. ఆ ఏడాది మా సీనియర్ అక్క ఒకరు బాలల సైన్స్ కాంగ్రెస్‌కు ప్రాజెక్టు చేసింది. జాతీయ స్థాయిలో 1993 నుంచి జరుగుతున్న ఈ కార్యక్రమంలో పిల్లలు జట్టుగా తమ పరిసరాల్లోని ఒక సమస్య తీసుకుని స్వయంగా పరిశీలించాలి. అక్క బోరు నీళ్లలో ఫ్లోరైడ్ మీద పనిచేసింది. సెలవుల్లో తన సొంత ఊరి ప్రాథమిక పాఠశాలకు వెళ్లి పిల్లల పళ్లు చూసి, గోధుమరంగు మరకలున్నవాళ్ల ఇళ్లలో ఏ బోరు నీళ్లు తాగుతున్నారో రాసుకుంది. నీళ్లు తెచ్చి కెమిస్ట్రీ ల్యాబ్‌లో పరీక్షించింది. జిర్కోనియం, అలిజరిన్ కలిపిన ఎర్రటి ద్రావణం ఫ్లోరైడ్ పెరిగేకొద్దీ పసుపు వైపు పాలిపోతుంది. తెలిసిన గాఢత ఉన్న సీసాల పక్కన పెట్టి ఏ రంగుకు దగ్గరగా ఉందో పోల్చి చెప్పవచ్చు.

పోటీలో ఆ ప్రాజెక్టును ఇంగ్లిష్‌లో చెప్పింది, రాష్ట్రస్థాయికి ఎంపికైంది. మామూలుగా అయితే వేదిక మీద పేరు పిలిచి, సర్టిఫికెట్ ఇచ్చి, చప్పట్లతో సరిపెట్టేవాళ్లు. మా కెమిస్ట్రీ సార్ మాత్రం, "వచ్చినవాళ్లందరూ బోరు నీళ్లు తాగేవాళ్లే, వాళ్లకు తెలుగులో చెప్పు" అన్నారు. డ్యాన్సుల మధ్య అక్కకు సమయం ఇచ్చారు.

అక్క ఒక ప్లాస్టిక్ బకెట్‌తో వేదిక ఎక్కింది. లోతైన బోర్లలో నీళ్లు రాతి పొరల్లో ఏళ్ల తరబడి నిలిచి అక్కడి ఖనిజాల నుంచి ఫ్లోరైడ్‌ను కరిగించుకుంటాయని చెప్పింది. మన దేశ ప్రమాణాల ప్రకారం లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా ఫరవాలేదు, వేరే దిక్కు లేనప్పుడు 1.5 దాటకూడదని చెప్పింది. పళ్ల మీద మరక తోమితే పోయేది కాదు, చిగురు లోపల పన్ను తయారవుతున్న వయసులోనే పడుతుంది, అందుకే చిన్నపిల్లలకు ముందు మంచినీళ్లు చూడాలంది. అప్పటిదాకా గుసగుసలాడుతున్న హాలు నిశ్శబ్దమైంది. ఒక అమ్మ లేచి, "కాగబెడితే పోదా బిడ్డా?" అని అడిగింది. పోదు పెద్దమ్మా, నీళ్లు ఆవిరైపోయి ఫ్లోరైడ్ అడుగునే ఉండిపోతుంది కాబట్టి ఇంకా చిక్కబడుతుంది అని అక్క జవాబు. ఆ ఒక్క జవాబుకు ఎంతమంది ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారో నాకు బాగా గుర్తు. కాచి తాగితే అన్నీ పోతాయనే కదా అందరి నమ్మకం.

తర్వాత బకెట్‌లో నల్గొండ పద్ధతి చేసి చూపించింది. నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించడానికి నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ) రూపొందించిన పద్ధతి అది. ముందు సున్నం, తర్వాత పటిక వేసి మొదట వేగంగా, ఆపై నెమ్మదిగా తిప్పాలి. దూదిలాంటి తెట్టు కట్టి ఫ్లోరైడ్‌ను పట్టుకుని కిందికి దిగుతుంది. తేరడానికి గంట కావాలి. అందుకని బకెట్‌ను వేదిక పక్కన పెట్టి, ఎవరూ తన్నకుండా ఇద్దరు ఆరో తరగతి పిల్లల్ని కాపలా ఉంచారు. పాటలు, డ్యాన్సులు నడుస్తూనే ఉన్నాయి, సగంమంది పెద్దవాళ్ల చూపు మాత్రం బకెట్ మీదే. గంట తర్వాత అక్క వచ్చి పైనీళ్లు వంచి వడకట్టి రంగు పరీక్ష మళ్లీ చేసింది. రెండు సీసాలు పక్కపక్కన పట్టుకుంటే తేడా వెనక వరస దాకా కనిపించింది. అడుగున మిగిలిన మడ్డిని పశువులు తాగే కుంటలో పారబోయొద్దని కూడా చెప్పింది. కార్యక్రమం అయ్యాక ఒక పెద్దాయన దగ్గరికి వచ్చి, "మా బోరు నీళ్లు పట్టుకొస్తే సూస్తరా బిడ్డా?" అన్నాడు. "తెండి పెద్దయ్యా, గాజు సీసాలో వద్దు, ప్లాస్టిక్ డబ్బా కడిగి తెండి" అంది అక్క. సెలవులు అయ్యాక పిల్లల్ని దింపడానికి వచ్చినవాళ్ల చేతుల్లో పచ్చడి సీసాలతో పాటు నీళ్ల డబ్బాలు కూడా ఉన్నాయి. రెండు వారాలపాటు మా ల్యాబ్‌లో ఆ డబ్బాలే. పరీక్ష ఫలితాలు కార్డుల మీద రాసి ఊళ్లకు పంపించారు.

రాష్ట్రస్థాయి ఎంపిక గొప్పదే. కానీ ఆ రాత్రి ఆ అమ్మాయి సాధించింది ఇంకా పెద్దదని నేను అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటున్నాను.

ఆటల సంగతి కూడా. ఆ సంవత్సరం మా అమ్మాయిల ఖోఖో జట్టు క్లస్టర్, రీజియన్ దాటి జాతీయ నవోదయ పోటీలకు వెళ్లింది. అక్కడి నుంచి ఒకరు ఎస్.జి.ఎఫ్.ఐ. (స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ ఆఫ్ ఇండియా) పోటీలకు ఎంపికయ్యారు. ఆ పోటీల్లో రాష్ట్రాల లాగే నవోదయ సమితి కూడా సొంత జట్టుతో దిగుతుంది. పి.ఇ.టి. సార్ జట్టును వేదిక మీదికి పిలిచినప్పుడు మొదట చెప్పిన పేరు ఎక్కువమందిని ఔట్ చేసిన అమ్మాయిది కాదు. గళ్లలో కూర్చునే ఎనిమిది మందిలో సరైన క్షణానికి లేచి, సరైనచోట "ఖో" ఇచ్చే ఒక అమ్మాయిది. ఆమె పేరు స్కోర్ షీట్‌లో ఎక్కడా పెద్దగా కనిపించదు. తరిమేవాళ్లకు వెనక్కి తిరిగే వీలు లేని ఆటలో దాడి దిశ మార్చేది ఖోనే కదా, ఈమె లేకపోతే ఆ ఔట్లు లేవు అని సార్ అందరికీ వివరించి చెప్పారు. కింద కూర్చున్న వాళ్ల నాన్నకు ఆ ఆట ఆడిన అనుభవం ఉన్నట్టుంది, తల ఊపుతూ విన్నాడు.

బహుమతుల జాబితా అలాగే పొడుగ్గా ఉండేది. లైబ్రరీలో ఎక్కువ పుస్తకాలు తీసుకుని నిజంగా చదివినవాళ్లు, తెలుగు చదవడం రాయడం నేర్చుకున్న ఉత్తరాది పిల్లలు, ఏడో తరగతి దాకా తెలుగులో చదివి ఎనిమిదిలో ఇంగ్లిష్ లెక్కల్లో పడి మళ్లీ లేచినవాళ్లు. మార్కుల మొదటి ర్యాంకూ ఉండేది, కానీ అది చాలా వాటిలో ఒకటి. ఈ రోజుల్లో ఊరూరా ఫ్లెక్సీల మీద ర్యాంకుల ఫోటోలు తప్ప పిల్లలు చేసిన ఇంకో పని కనిపించకపోవడం నాకు బాధగా ఉంటుంది. ర్యాంకు రాని పిల్లల ఇళ్లలో వాళ్ల గురించి చెప్పుకోవడానికి బడి ఒక్క మాటైనా ఇవ్వాలి. మా బడి ఇచ్చింది.

మన పూర్వ విద్యార్థుల సంఘానికి నా మనవి ఒకటుంది. వచ్చే సమ్మేళనాన్ని వేసవిలో కాకుండా దసరా సెలవుల ముందు రోజున పెట్టుకుందాం. ఇప్పటి పిల్లల ప్రాజెక్టులను వాళ్ల అమ్మానాన్నలకు తెలుగులో చెప్పడానికి ఆ సాయంత్రం ఒక గంట విడిగా కేటాయించమని ప్రిన్సిపాల్ గారిని అడుగుదాం. నీటి పరీక్ష కిట్లు, రసాయనాలు ఏటా కొనిచ్చే బాధ్యత మన సంఘం తీసుకుందాం. మొదటి ఏడాది ఖర్చు మా బ్యాచ్ భరించడానికి సిద్ధంగా ఉంది.