నాన్న ఫైళ్లు కరప్ట్ కాలేదు

నిన్న రాత్రి పదకొండున్నరకు, చెన్నై జార్జ్ టౌన్ గురించి నాన్న రాసిన వ్యాసం దొరికింది. మూడు వారాలుగా దానికోసమే వెతుకుతున్నాను. వచ్చే నెల నాన్న సంవత్సరీకం. ఆ రోజుకి ఆయన వ్యాసాలన్నీ చిన్న పుస్తకంగా వేసి బంధువులకు పంచాలని అన్నయ్యా నేనూ అనుకున్నాం.

నాన్న పెరంబూర్ ఐసీఎఫ్‌లో (రైలు పెట్టెల ఫ్యాక్టరీ) రిటైరయ్యాక ఇంట్లోనే కంప్యూటర్ పెట్టుకుని తెలుగులో టైప్ చేసేవారు. ఆ కంప్యూటర్ ఇప్పుడు ఆన్ కాదు. రిచీ స్ట్రీట్‌లో ఒక కంప్యూటర్ షాపులో హార్డ్ డిస్క్ తీయించి, అందులోవన్నీ నా లాప్‌టాప్‌లోకి ఎక్కించడం ఒక్క పూటలో అయిపోయింది.

ఎక్కించాక ఆ షాపులోనే కుర్రాడు ఒక ఫైల్ తెరిచాడు. స్క్రీన్ నిండా ఇంగ్లిష్ అక్షరాలు, డాలర్ గుర్తులు, బ్రాకెట్లు. "ఎల్లామే కరప్ట్ మేడం, ఫార్మాట్ పణ్ణిడలామా?" అన్నాడు. అన్నీ పాడైపోయాయి, డిస్క్ మొత్తం చెరిపేద్దామా అని. కాదు, ఇది తెలుగు అన్నాను. "ఇదు తెలుంగా?" అంటూ స్క్రీన్‌ని పక్కనున్న వాళ్లవైపు తిప్పాడు. ఇద్దరు నవ్వారు. మా నాన్న రాత్రిళ్లు మేలుకుని రాసిన అక్షరాలవి. గొంతు పట్టేసి, మారు మాట్లాడకుండా డిస్క్ సంచిలో వేసుకుని మౌంట్ రోడ్డు దాకా నడిచి వచ్చేశాను. ఆ రోజు సరే అని తల ఊపి ఉంటే పాత డిస్క్ ఖాళీ అయిపోయేది. దయచేసి ఎవరు చెప్పినా ఫార్మాట్‌కి ఒప్పుకోకండి. ముందు ఇంకో డిస్క్‌లోకి కాపీ తీయండి.

విజయవాడలో ప్రెస్ నడిపే బాబాయ్‌కి ఫోన్ చేశాను. ఒక్క నిమిషంలో తేల్చేశారు. "ఫాంట్ లేదమ్మా, అంతే. మీ నాన్న అను ఫాంట్లలో కొట్టేవాడు." పాత డిస్క్‌లో విండోస్ ఫోల్డర్‌లోని ఫాంట్స్ నుంచి అను ఫాంట్లు తెచ్చి నా లాప్‌టాప్‌లో ఇన్‌స్టాల్ చేశాను. అదే ఫైల్ మళ్లీ తెరిస్తే నాన్న తెలుగు. అక్కడే కూర్చుని ఏడ్చేశాను.

కానీ వెతకడం అప్పుడే మొదలైంది. ఫైళ్ల పేర్లన్నీ న్యూ1, ఫైనల్, లేటెస్ట్. జార్జ్ టౌన్‌లోని "సౌకార్‌పేట" పేరు సెర్చ్‌లో కొడితే ఏమీ రాదు. కారణం తర్వాత అర్థమైంది. మనం ఇప్పుడు టైప్ చేసేది యూనికోడ్ తెలుగు, అంటే ప్రతి తెలుగు అక్షరానికీ కంప్యూటర్‌లో సొంత నంబర్ ఉండే పద్ధతి. అను ఫాంట్లలో కళ్లకు తెలుగే కనిపిస్తుంది గానీ, లోపల దాచి ఉండేవి ఇంగ్లిష్ అక్షరాలూ గుర్తులే. ఆ రెండూ కంప్యూటర్‌కి ఒకటి కావు.

అప్పుడు నాకు తట్టిన ఉపాయం ఇది. దొరికిన ఒక వర్డ్ ఫైల్‌లో "సౌకార్‌పేట" అన్న మాటను కాపీ చేసి సెర్చ్ పెట్టెలో అతికించాను. పిచ్చి గీతల్లా పడింది, కానీ ఫలితాలు వచ్చాయి! గుర్తులు ఎక్కువుంటే సెర్చ్ తడబడుతుంది. అక్షరాలు ఎక్కువగా ఉన్న ముక్క ఎంచుకోవాలి. ఫైళ్లు డి డ్రైవ్‌లో ఉంటే విండోస్ సెర్చ్ సెట్టింగ్స్‌లో ఎన్‌హాన్స్‌డ్ పెట్టండి. మామూలుగా సెర్చ్ మన డాక్యుమెంట్స్, డెస్క్‌టాప్ లాంటి ఫోల్డర్లనే చూస్తుంది.

ఒకే వ్యాసానికి మూడేసి కాపీలున్నచోట మాడిఫైడ్ తేదీ చూశాను. కాపీ చేస్తే క్రియేటెడ్ తేదీ మారిపోతుంది గానీ మాడిఫైడ్ అలాగే ఉంటుంది. జార్జ్ టౌన్ వ్యాసం 2003 నాటిదని అలాగే తెలిసింది. ఇప్పుడు ప్రతి ఫైల్ పేరు ముందు ఏడాది, నెల, రోజు వరసలో తేదీ పెట్టాను, 2003-08-15 లాగా. ఫోల్డర్ తెరిస్తే నాన్న రాసిన క్రమంలోనే కనిపిస్తాయి. 43 వ్యాసాలూ నేనొక్కదాన్నే సర్దాను. అన్నయ్య వాట్సాప్‌లో బొటనవేళ్లు పంపడం తప్ప ఏమీ చేయలేదు, ఇది వదినకీ తెలుసు.

ఈ వ్యాసాలను అను నుంచి యూనికోడ్‌లోకి మార్చాక వత్తులు అక్కడక్కడా చెదిరాయి, ఒక్కొక్కటీ చదివి దిద్దుతున్నాను. ఇంకా రెండు పేజ్‌మేకర్ (పేజీలు కూర్చే పాత సాఫ్ట్‌వేర్) ఫైళ్లు మిగిలాయి. పేరు చివర పి65 అని ఉంటుంది, వర్డ్‌లో తెరుచుకోవు. మైలాపూర్‌లో డీటీపీ చేసే ఒకాయన దగ్గర పాత పేజ్‌మేకర్ ఇంకా ఉందట. శనివారం పొద్దున్నే రమ్మన్నారు. పెన్‌డ్రైవ్‌లో ఫాంట్లతో సహా వేసి ఉంచుకున్నాను.