దారంతో కొంత, నీళ్లతో కొంత

పళ్ల సందులు శుభ్రం చేసుకోవడానికి నేను మొదట పట్టుకున్నది ఫ్లాస్ దారమే. స్కేలింగ్ చేసిన డెంటిస్టు గారు గట్టిగా చెప్పారు: బ్రష్ పంటి ముందూ వెనకా తోముతుంది గానీ, రెండు పళ్లు ఒరుసుకునే చోటికి పోదు. అక్కడ మిగిలిన పాచిలో లాలాజలంలోని కాల్షియం చేరి గారగా గట్టిపడుతుంది. గార కట్టాక ఇంట్లో ఏం చేసినా ఊడిరాదు.

మూరెడు దారం, అంటే 45 సెంటీమీటర్లు తీసుకుని నడిమి వేళ్లకు చుట్టాలి. ముందు పళ్ల దగ్గర పని సాఫీగానే సాగింది. చివరి దవడ పంటికి వచ్చేసరికి రెండు చేతుల వేళ్లూ నోట్లోనే, చొంగ మణికట్టు మీదుగా కారుతూ... తలుపు వేసుకుని చేసుకునే పని ఇది. దారాన్ని ముందుకీ వెనక్కీ మెల్లగా ఆడిస్తూ దించాలి. ఒక్కసారిగా నొక్కితే టక్కున దిగి చిగురును కోసేస్తుంది. దిగాక పన్నును హత్తుకునేలా వంచి, చిగురు అంచు లోపలికి కాస్త పోనిచ్చి, పైకీ కిందికీ గీకాలి. ఆపైన పక్క పన్నును కూడా. ఈ గీకుడు మానేసి దారం ఊరికే దించి లాగేస్తే ఇరుక్కున్న పీచు వస్తుందేమో గానీ, పాచి కదలదు.

మొదట్లో దారానికి తెల్లటి జిగురు, దాని పక్కన ఎర్రటి చార. ఓసారి వాసన చూశాను. ఆ తర్వాత ఫ్లాస్ చెయ్యమని నాకెవరూ చెప్పక్కర్లేకపోయింది. రక్తానికి భయపడి ఆపొద్దని, వారం రెండు వారాల్లో తగ్గకపోతే వచ్చి చూపించుకోమని డెంటిస్టు గారు అన్నారు. తగ్గింది, లేని పన్ను చోట పక్క పళ్లకు ఆనించి కట్టించుకున్న ఒక్క బ్రిడ్జి దగ్గర తప్ప.

బ్రిడ్జిలో క్యాపులు ఒకదానికొకటి అతికి ఉంటాయి, పైనుంచి దారం దిగడానికి సందే ఉండదు. సూదిలాంటి ప్లాస్టిక్ కొక్కెంతో పక్కనుంచి ఎక్కించవచ్చు. నిద్రకళ్లతో అద్దంలో చూస్తూ ఆ పని చేసే ఓపిక నాకు లేదు. అలా పళ్ల సందుల్లోకి నీళ్లు చిమ్మే వాటర్ ఫ్లాసర్ కొన్నాను. పట్టుదారంతో పళ్ల సందులు శుభ్రం చేసుకోమని న్యూ ఆర్లియన్స్ డెంటిస్టు లీవై పార్మ్‌లీ 1819 నాటికే రాశాడు. ఈ నీళ్ల యంత్రం 1962లో కొలరాడోలో ఒక డెంటిస్టు, ఒక ఇంజినీరు కలిసి తయారుచేసింది.

కొనను నోట్లో పెట్టుకున్నాకే స్విచ్ వెయ్యాలి, లేకపోతే అద్దానికి స్నానం. గోరువెచ్చటి నీళ్లు, అన్నిటికన్నా తక్కువ ఒత్తిడి, పెదాలు వదులుగా మూసి సింకు మీదికి వంగడం. ధార చిగురు అంచుకు నిటారుగా తగలాలి. అది ఏకధారగా రాదు, టకటకా కొట్టుకుంటూ వస్తుంది. బ్రిడ్జి కిందనుంచి ఏవేవో కొట్టుకొచ్చాయి, కొన్నాళ్లకు అక్కడి వాపూ దిగింది.

ఇంత హాయిగా ఉంటే దారం మానేయొచ్చు కదా అనిపించింది. ఓ రాత్రి నీళ్లతో అంతా కానిచ్చి, ఇరుకు దవడ పళ్ల మధ్య దారం దించి చూశాను. తెల్లటి జిగురు మళ్లీ వచ్చింది. అందరి నోటా ఇలాగే ఉంటుందని చెప్పను. వైద్య పరిశోధనలను సమీక్షించే కోక్రేన్ సంస్థ వాళ్లు 2019లో 35 పరీక్షలు కలిపి చూసి, బ్రష్‌కు ఇలాంటివి తోడైతే చిగుళ్ల వాపు కొంత తగ్గొచ్చు గానీ ఆధారాలు అంత బలంగా లేవన్నారు. నా నోటికి మాత్రం ఇరుకు సందుల్లో దారం, బ్రిడ్జి కింద నీళ్లు. వేళ్లు సరిగా ఆడనివాళ్లకు, పళ్లకు తీగలు కట్టించుకున్నవాళ్లకు నీళ్లే నయం.

చివరి పంటి పక్క సందు మాత్రం దారానికి మరీ వెడల్పు. దానికి సందుల్లో దూరే బుల్లి బ్రష్ వాడమన్నారు. అదింకా మొదలుపెట్టలేదు.