ఆగిన కారు చుట్టూ: శాన్ ఫ్రాన్సిస్కో నుంచి లాస్ ఏంజెలెస్ దాకా

శాన్ ఫ్రాన్సిస్కో చైనాటౌన్ గేటు బుష్ స్ట్రీట్ మీద ఉంటుంది. దాని కిందనుంచి గ్రాంట్ అవెన్యూ పట్టుకుని ఆరు వీధులు దాటితే జాక్సన్ స్ట్రీట్. సన్నటి దారి, రెండువైపులా కూరగాయల కొట్లు, మూలికల అంగళ్లు, మిఠాయి దుకాణాలు. పండగ పూట ఇక్కడ జనం పేవ్‌మెంట్ మీద పట్టరు, రోడ్డంతా పరుచుకుంటారు. 2024 ఫిబ్రవరి 10న, చైనావాళ్ల కొత్త సంవత్సరం రాత్రి, టపాకాయలు పేలుతుండగా ఒక వేమో కారు, అంటే డ్రైవర్ లేకుండా తనంతట తానే నడిచే ట్యాక్సీ, ఆ జనంలోకి వచ్చి ఆగింది. లోపల ప్రయాణికులు లేరు. ఒకరు అద్దం పగలగొట్టారు, ఇంకొకరు రంగు పూశారు, చివరకు పగిలిన అద్దంలోంచి లోపలికి ఒక టపాకాయ పడింది. కారు మొత్తం కాలిపోయింది. అది ధర్నా కాదు, ఊరేగింపూ కాదు. పండగే. అందుకే ఈ యాత్ర ఇక్కడినుంచి మొదలుపెట్టాను: ఎవరూ పిలుపు ఇవ్వకుండానే అంత కోపం ఎక్కడిదో ఈ వీధిలో నిలబడితే కొంత అర్థమవుతుంది. ముందూ వెనకా మనుషులున్న సందులో, చేయి ఊపితే చూసేవాడు, కసిరితే బదులిచ్చేవాడు లేని బండి దారికి అడ్డంగా నిలిచిపోయింది.

ఎందుకు నిలిచిపోతుందంటే, దాన్ని తయారుచేసిందే అలా. ముందు మనిషి ఉంటే కదలకూడదన్నది దాని మొదటి నియమం. మనుషులు నడిపే బండి అంగుళం అంగుళం ముందుకు జరుపుతూ దారి చేసుకుంటుంది. ఇది గుంపులో అంత చొరవ చేయదు. 2023 వేసవిలో ఈ కార్లను వ్యతిరేకించే సేఫ్ స్ట్రీట్ రెబెల్ అనే బృందం ఈ గుణాన్నే పట్టుకుంది. రోడ్డు పనుల దగ్గర పెట్టే నారింజ రంగు కోన్ ఒకటి తీసుకుని ఖాళీ కారు బానెట్ మీద పెట్టేవారు. తన ఒంటి మీద ఉండకూడని వస్తువేదో ఉందని కారుకు తెలుస్తుంది, హజార్డ్ లైట్లు వేసుకుని ఆగిపోతుంది. దూరాన ఆఫీసులో ఉన్న సిబ్బంది కెమెరాల్లో చూడగలరు, దారి సూచించగలరు కానీ కోన్‌ను చేత్తో తీయలేరు కదా. మనిషి రావాల్సిందే. అద్దం పగలదు, టైరు కోయరు, అయినా బండి కదలదు. నిరసన పద్ధతుల్లో ఇంత తక్కువ ఖర్చుతో, ఇంత తక్కువ నష్టంతో విషయం చెప్పిన పద్ధతి నాకు వేరే తెలియదు.

అయినా ఆ ఏడాది ఆగస్టు 10న ఇలాంటి సర్వీసులకు అనుమతులిచ్చే కాలిఫోర్నియా రాష్ట్ర యుటిలిటీల కమిషన్ 3-1 ఓట్లతో వేమోకు, దాని పోటీ కంపెనీ క్రూజ్‌కు రాత్రింబగళ్లు డబ్బులు తీసుకుని తిప్పుకోవడానికి అనుమతి ఇచ్చింది. మర్నాటి రాత్రే నార్త్ బీచ్‌లో క్రూజ్ కార్లు వరసగా ఆగిపోయి వీధిని మూసేశాయి. అక్టోబర్ 2న ఫిఫ్త్, మార్కెట్ స్ట్రీట్ల కూడలిలో, వేరే బండి గుద్దితే ఎగిరి పడిన మహిళను క్రూజ్ కారు ఢీకొట్టి, పక్కకు ఆగబోతూ 20 అడుగులు ఈడ్చుకెళ్లింది. కింద మనిషి ఉందన్నది దానికి తెలియలేదు. అక్టోబర్ 24న రాష్ట్రం క్రూజ్ అనుమతి నిలిపేసింది. ఈడ్చుకెళ్లిన సంగతిని కంపెనీ ప్రభుత్వ అధికారులకు సరిగా చెప్పలేదన్నది తర్వాత కేసు దాకా వెళ్లింది. నమ్మకం పోవడమంటే ఇదే. ప్రమాదం ఒకటి, దాన్ని చెప్పిన తీరు ఇంకొకటి. రెండోదాన్ని జనం మరిచిపోలేదు.

వేమో ఎక్కేవాళ్లకు నాలుగు మాటలు. యాప్‌లో పిలిస్తే జాగ్వార్ ఐ-పేస్ అనే తెల్ల కరెంటు కారు వస్తుంది. పైనున్న గుమ్మటం మీద మన పేరు అక్షరాలు వెలుగుతాయి, వాటిని బట్టి మన కారేదో పోల్చుకోవాలి. ఫోన్‌తోనే తలుపు తెరవాలి. వెనక ముగ్గురు, ముందు ఒకరు. డ్రైవర్ సీటులో కూర్చోకూడదు. బెల్టులు పెట్టుకుని స్టార్ట్ నొక్కితే బయల్దేరుతుంది. దారిలో జనం కమ్ముకుంటే రెండు బటన్లు గుర్తుంచుకోవాలి: ఒకటి పక్కకు ఆపమని చెప్పేది, రెండోది సహాయ సిబ్బందితో మాట్లాడించేది. ఆ రెండోది మొదట నొక్కండి. జనం మధ్యకు చేరాక ‘పక్కకు ఆపు’ అంటే అక్కడే ఆగే ప్రమాదముంది.

కారు చుట్టూ 29 కెమెరాలు, 5 లైడార్లు (లేజర్ కాంతితో దూరం కొలిచేవి), 6 రాడార్లు. ఇవి లేకపోతే అది నడవదు. కానీ ఊరేగింపులో నడుస్తున్న మనిషి కళ్లకు అవి వేరుగా కనిపిస్తాయి. 2025 ఏప్రిల్‌లో లాస్ ఏంజెలెస్ పోలీసులు ఒక గుద్ది పారిపోయిన కేసులో వేమో కారు తీసిన వీడియోను బయటపెట్టారు. గుద్దినవాణ్ని పట్టుకోవడం మంచిదే. అయితే కాగితాలు లేని తమ్ముణ్నో బావనో ఇంట్లో పెట్టుకున్నవాళ్లకు ఆ వీడియో ఇంకో మాట చెప్పింది: ఈ బండి చూసింది పోలీసులకు చేరగలదు.

లాస్ ఏంజెలెస్‌కు విమానమైతే గంటన్నర లోపే. నేను ఓక్లండ్‌లో కోస్ట్ స్టార్‌లైట్ రైలెక్కమంటాను: దాదాపు 12 గంటలు, మధ్యాహ్నం దాటాక సముద్రం పక్కనే వెళుతుంది, నేరుగా మనం చూడాల్సిన చోటే దింపుతుంది. యూనియన్ స్టేషన్ తలుపు దాటితే అలమీడా స్ట్రీట్. అది దాటితే 1781లో ఊరు పుట్టిన ఎల్ ప్యూబ్లో. ఆ పక్కదే లాస్ ఏంజెలెస్ స్ట్రీట్. దక్షిణంగా నడిస్తే ఆర్కేడియా స్ట్రీట్ అడ్డొస్తుంది, దాని కిందుగా 101 హైవే. వంతెన దాటితే కేంద్ర ప్రభుత్వానికి చెందిన ఫెడరల్ భవనం, దాని వెనక అలమీడా వైపు నిర్బంధ కేంద్రం. అన్నీ పది నిమిషాల నడక లోపలే. 1871లో చైనావాళ్లను మూక చంపిన సందు కూడా ఇక్కడే ఉండేది, తర్వాత లాస్ ఏంజెలెస్ స్ట్రీట్‌లోనే కలిసిపోయింది. కోపానికి, భయానికి ఈ నేల కొత్తది కాదు.

2025 జూన్ 6న వలస విభాగం అధికారులు నగరంలో కార్ఖానాలు, పనిచోట్ల మీద దాడులు మొదలుపెట్టారు. 8వ తేదీ ఆదివారం నేషనల్ గార్డ్ అనే సైనిక దళం దిగింది. నిర్బంధ కేంద్రం ముందు మొదలైన జనం 101 మీదికి దిగారు. ఆ మధ్యాహ్నం లాస్ ఏంజెలెస్ స్ట్రీట్ మీద ఆర్కేడియా దగ్గర వరసగా ఆగిన వేమోల టైర్లు కోశారు, అద్దాలు కొట్టారు, ఒంటి నిండా వలస విభాగాన్ని తిట్టే రాతలు రాశారు, తగలబెట్టారు. అద్దె స్కూటర్లు తెచ్చి మంటల్లో వేశారు. మొత్తం అయిదు కార్లు. కంపెనీ ఆ ప్రాంతంలో సర్వీసు ఆపేసింది. జూన్ 10 నుంచి చదరపు మైలు మేర రాత్రి 8 నుంచి ఉదయం 6 దాకా కర్ఫ్యూ పెట్టారు.

ఆ మంట సంగతి వివరంగా చెప్పాలి, ఎందుకంటే కాల్చినవాళ్లూ ఫొటోలు దిగినవాళ్లూ దాని పక్కనే నిలబడ్డారు. ఐ-పేస్ అడుగున 90 కిలోవాట్ గంటల బ్యాటరీ, 432 లిథియం సెల్స్ 36 మాడ్యూళ్లుగా పేర్చి ఉంటుంది. ఒక సెల్ మితిమీరి వేడెక్కితే లోపలి పొర కరిగి తనంతట తానే రాజుకుంటుంది, ఆ వేడి పక్కదాన్ని అంటిస్తుంది. బయటి గాలి లేకపోయినా ఈ వరస ఆగదు, కాబట్టి కప్పి ఆర్పే మాట లేదు. చల్లార్చాల్సిందే. పెట్టె నేలకు ఆనుకుని, మూసి ఉండటంతో నీళ్లు లోపలికి చేరవు. వేల గ్యాలన్లు పోయాల్సి వస్తుంది. పొగలో హైడ్రోజన్ ఫ్లోరైడ్ ఉంటుంది. లాస్ ఏంజెలెస్ పోలీసులు ఆ రోజే దీని గురించి హెచ్చరించారు. ఊపిరితిత్తులను, కళ్లను కాల్చే వాయువు అది. తడి గుడ్డ మూతికి కట్టుకుంటే ఆగేది కాదు. తెల్లటి ఆవిరి బుసబుసమంటూ వస్తుంటే గాలికి ఎదురుగా, వీలైనంత దూరం వెళ్లిపోవాలి. ఆరిందనుకున్నది గంటల తర్వాత, రోజుల తర్వాత మళ్లీ రాజుకోవచ్చు. అందుకే శిథిలాన్ని మిగతా వాటికి 50 అడుగుల దూరంలో పెట్టమంటారు. ఆ పొగ ముందుగా చేరేది కంపెనీ ఆఫీసుకు కాదు, ఎల్ ప్యూబ్లోలోని ఓల్వెరా స్ట్రీట్‌లో బండి పెట్టుకుని బతికే మెక్సికన్ కుటుంబాలకు. వాళ్ల కోసం మొదలైన నిరసనలో ఇది జరగడం నాకు బాధ కలిగించింది.

మన దగ్గర బంద్ అంటే ఆర్టీసీ బస్సులు డిపో దాటవు. దారిలో చిక్కినా, ముందు చౌరస్తాలో గొడవ అని ఎదురొచ్చిన లారీవాడు చెబుతాడు, డ్రైవర్ బండి తిప్పేస్తాడు. తప్పకపోతే దిగి చేతులు జోడిస్తాడు, ప్రయాణికులున్నారు వదలండన్నా అంటాడు. అద్దాలు పగిలిన రోజులూ ఉన్నాయి, కానీ ఆ ఒక్క మనిషి వల్ల మిగిలిన బస్సులు ఎన్నో. రోబోట్యాక్సీకి ఆ సమాచారం రాదు. యాప్‌లో ఎవరు పిలిస్తే అటు వెళుతుంది. ఫలానా వీధులు మూసేయమని ఆఫీసులో మ్యాపు మీద గీత గీస్తేనే తప్పుకుంటుంది. గీత ఆలస్యమైతే నేరుగా జనంలోకే. 2025 డిసెంబర్ 20న శాన్ ఫ్రాన్సిస్కోలో దాదాపు 1,30,000 కనెక్షన్లకు కరెంటు పోయినప్పుడు కూడా ఇదే లోపం బయటపడింది: వెలగని సిగ్నల్ దగ్గర ఎలా వెళ్లాలో కార్లకు తెలుసు, కానీ ఒకేసారి చాలా కార్లు ఆఫీసును ధ్రువీకరణ అడగడంతో జవాబులు ఆలస్యమై కూడళ్లలో నిలిచిపోయాయి.

ఉద్యోగాల భయం దీనికి తోడు. డ్రైవర్లు లేని పెద్ద లారీల్లో మనిషి ఉండాలనే బిల్లును లారీ డ్రైవర్ల సంఘం టీమ్‌స్టర్స్ యూనియన్ రెండుసార్లు శాసనసభ దాటించింది. 2023లో, 2024లో గవర్నర్ న్యూసమ్ రెండుసార్లూ తిప్పి పంపారు. మన దేశంలో నితిన్ గడ్కరీ డ్రైవర్ల బతుకు పోతుందని ఇలాంటి కార్లకు ఒప్పుకోనని బహిరంగంగానే చెప్పారు. కందిలోని ఐఐటీ హైదరాబాద్‌లో డ్రైవర్ లేని బస్సు క్యాంపస్ లోపల తిరుగుతోంది. గేటు దాటి సంగారెడ్డి రోడ్డెక్కే రోజు వస్తే, ఈ రెండు నగరాల పాఠం చేతిలో ఉండాలి.

చాలాకాలం కాలిఫోర్నియాలో డ్రైవర్ లేని కారు తప్పు చేస్తే చలానా ఎవరి పేరున రాయాలో తెలిసేది కాదు. దీని మీద 2024లో సంతకమైన చట్టం అమలు తేదీ 2026 జులై 1. పోలీసు కంపెనీకి నోటీసు ఇవ్వవచ్చు. కారులో రెండు వైపులా మాట్లాడే పరికరం ఉండాలి. అత్యవసర అధికారి ఫలానా ప్రాంతం ఖాళీ చేయమంటే రెండు నిమిషాల్లో కంపెనీ తన కార్లకు ఆ ఆదేశం పంపాలి. ఆర్కేడియా మూలన నిలబడి ఆ రెండు నిమిషాల గురించే ఆలోచించాను. ఆదేశం ఇచ్చేది అధికారి. కారు ముందు నిలబడ్డ చైనాటౌన్ దుకాణదారుకు, ఓల్వెరా స్ట్రీట్ బండివాడికి ఆ పరికరంలో ఎవరు బదులిస్తారన్నది ఇంకా తేలాల్సి ఉంది.