శెట్టిగారి అంగడి పాత ఖాతా

అల్లూరు దగ్గర పల్లెలో శెట్టిగారి అంగడి అటక దులుపుతున్నారు. ఎర్రగుడ్డ అట్ట పుస్తకం ఒకటి దబ్బున కిందపడింది. పేజీలు నిలువుగా మడిచి ఉన్నాయి, ఆ మడతలే గడులు. ఎడమన జమ, కుడిన ఖర్చు.

"ఉప్పు అణా, బెల్లం బేడ." బేడ అంటే రెండణాలు. కొన్ని పేజీలు తిప్పితే అదే చేతిరాత నయాపైసల్లోకి దిగింది. 1957 ఏప్రిల్ 1న రూపాయికి పదహారణాలు పోయి వంద నయాపైసలు వచ్చాయి గదా!

అసలు తిరకాసు అక్కడే. అణాకు ఆరుంబావు నయాపైసలు. ఆ పావు ఎవరిస్తారు? అణాకు 6, బేడకు 12, మూడణాలకు 19, పావలాకు 25. అణా సరుకు నాలుగుసార్లు అమ్మితే చేతికొచ్చేది 24. పైసా గోవిందా. అందుకే ఇందులో అరువు పద్దులన్నీ అణాల్లోనే కూడి, చివరి మొత్తాన్నే పైసల్లోకి మార్చారు. గట్టి బుర్రే!

ఆ తర్వాత శేరు పోయి కిలో వచ్చింది. ఇనుప తూకపు రాయి గుంతలో సీసం పోసి, దాని మీద ముద్ర కొడతారు. సీసం ఊడిందా, రాయి తేలికే. తక్కెడ మీద అనుమానమొస్తే రాయినీ సరుకునీ పళ్లేలు మార్చి పెట్టండి. ముల్లు పక్కకు జరిగితే తప్పు తక్కెడదే.

ఉప్పు మూట మాత్రం బయట అరుగు మీదే. లోపల పెడితే తూకపు రాళ్లు తుప్పు పట్టి పెచ్చులూడతాయి.