కొండ ఇంటి ముందే ఉన్నా

ఈ రోజు తెల్లవారుజామున 8 కిలోల బ్యాగు వీపున వేసుకుని అలిపిరి మెట్లెక్కాను. 3550 మెట్లు. మోకాళ్ల పర్వతం దగ్గర కాళ్లు వణికాయి, అయినా ఆగలేదు. అక్టోబరులో నేపాల్ వెళ్తున్నాం, ఎవరెస్ట్ బేస్ క్యాంప్‌కి.

నడక అలవాటైతే చాలనుకున్నాను. కాదు. బేస్ క్యాంప్ ఎత్తు 5364 మీటర్లు. అక్కడ ఒక్కో శ్వాసకు అందే ఆక్సిజన్ సముద్రమట్టంతో పోలిస్తే దాదాపు సగమే. మెట్లు కాళ్లకు బలమిస్తాయి కానీ ఆ గాలిని అలవాటు చేయలేవు. 3000 మీటర్లు దాటాక రాత్రి పడుకునే చోటు ఎత్తు రోజుకు 500 మీటర్లకు మించి పెరగకూడదట. సెలవులు తక్కువని మొదట 9 రోజుల్లో ముగించాలనుకున్నాం. ఇప్పుడు 14 రోజులు చేశాం. దారిలో 3440 మీటర్ల ఎత్తున్న నామ్చే బజార్ అనే ఊళ్లో రెండు రాత్రులు. ఎత్తు వల్ల వచ్చే తలనొప్పి ముదిరితే దిగిపోవాలని ముగ్గురం ముందే మాటిచ్చుకున్నాం. నాకు అన్నిటికంటే ముఖ్యం ఆ మాటే.

అమ్మకు ఇంకా టెన్షనే. "కొండ మన ఇంటి ముందరే ఉంది కదా నాయనా, అంత దూరం ఎందుకు?" అంటుంది. అంటూనే దారిలో తినడానికి చెనిక్కాయ ఉండలు ఎన్ని కావాలో అడిగింది.