మా హాలు గోడ మీద మెలికల ముగ్గు

హాల్లో ఒక గోడకి వాల్‌పేపర్ వేద్దామన్నారు మావారు. నాకు ముగ్గే కావాలి. కరీంనగర్ వైపు మా అమ్మమ్మ వాళ్ల ఇంట్లో తెల్లటి సున్నం గోడలకి కింద జాజు అంచు ఉండేది. ఆ ఎరుపు, ఆ తెలుపు నా కళ్లల్లో ఇంకా అలాగే ఉన్నాయి. అందుకే గోడకి తెలుపు, ముగ్గుకి జాజురంగు అనుకున్నాను.

గోడమీద ముగ్గుని స్టెన్సిల్‌తో, అంటే ముగ్గు ఆకారం కోసిన షీటు పెట్టి దాని మీంచి రంగు అద్ది వేద్దామనుకున్నాను. కానీ ముగ్గు నేలమీద వేసినంత తేలిగ్గా స్టెన్సిల్‌కి రాదు. మెలిక చుక్క చుట్టూ తిరిగి మళ్లీ మొదటికే వస్తుంది కదా, ఆ గీతని కత్తిరిస్తే లోపలి ముక్క ఊడి చేతిలోకొచ్చేస్తుంది. కాబట్టి ప్రతి మెలికలో రెండు చోట్ల సన్నటి పట్టీ కత్తిరించకుండా వదలాలి. ఏ3 సైజు ప్లాస్టిక్ షీటు మీద కొత్త బ్లేడుతో అలాగే కోశాను. ముగ్గు నాలుగు మూలల్లోనూ చుక్కలుండేలా చూసుకున్నాను. పక్క ముగ్గు వేసేటప్పుడు షీటులోని చుక్క గోడమీది చుక్క మీద కూర్చుంటే వరస తప్పదు.

అసలు పనంతా కొలతల్లోనే ఉంది. గోడ వెడల్పు 10 అడుగులు, అంటే 120 అంగుళాలు. ముగ్గు 8 అంగుళాలు చేస్తే అడ్డంగా సరిగ్గా 15 పడతాయి. ఎత్తు 9 అడుగులు, అంటే 108 అంగుళాలు. గోడ అడుగున ఉండే స్కర్టింగ్ పట్టీ 4 అంగుళాలు తీసేస్తే 104, అంటే 13 వరసలు. ఎక్కడా సగం ముగ్గు రాదని తేలినప్పుడు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు!

"మూల నుంచి మొదలుపెట్టకండమ్మా, ఏ గోడా నిక్కచ్చిగా నిటారుగా ఉండదు" అన్నాడు మాకు లప్పం పెట్టిన పెయింటర్. ఆయన మాట ప్రకారం గోడ మధ్యలో బరువు కట్టిన దారం వేలాడదీసి, పెన్సిల్‌తో నిలువు గీత గీసి, మొదటి ముగ్గు దాని మీదే వేశాను. అడ్డగీత సమంగా ఉందో లేదో చూడ్డానికి రసమట్టం (స్పిరిట్ లెవెల్) వాడాను.

తెల్ల ఎమల్షన్ రెండో కోటు రాత్రంతా ఆరాకే షీటు అంటించాను. మాస్కింగ్ టేపుని ముందు బట్టకి ఒకసారి అద్ది తీస్తే జిగురు తగ్గుతుంది, కొత్త రంగు పెచ్చులూడదు. జాజురంగు ఎమల్షన్‌లో నీళ్లు కలపలేదు. స్పాంజి రంగులో ముంచి, పాత పేపరు మీద బాగా అద్ది, దాదాపు పొడిగా అయ్యాకే గోడమీద పెట్టాలి. రుద్దకూడదు, నిటారుగా అద్దాలి. రంగు ఎక్కువైతే షీటు కిందకి పాకి అంచు చెదురుతుంది. రెండుసార్లు పలచగా అద్దితే వచ్చే నిండుదనం ఒకేసారి దట్టంగా వేస్తే రాదు.

ఒకటి వదిలి ఒకటి వేసుకుంటూ పోయాను. పక్కపక్కనే వేస్తే షీటు అంచు తడి ముగ్గు మీద పడుతుంది. వేసినవి ఆరాక మధ్యవి నింపాను. మధ్యమధ్యలో షీటు వెనకవైపు తడిగుడ్డతో తుడవడం మాత్రం మానలేదు. స్విచ్‌బోర్డు దగ్గర షీటు వంచి, పట్టినంత మేరకే అద్దాను.

చివర్లో సన్న కుంచెతో పట్టీలు వదిలిన చోట్లు కలిపాను. అప్పుడే మెలిక నిజంగా మెలికైంది. గోడంతటికీ పావు లీటరు రంగు కూడా పట్టదు. మిగిలింది చిన్న సీసాలో పోసి బిగుతుగా మూత పెట్టాను, గీతలు పడితే దిద్దడానికి.